పాత కన్సోల్ ఆటల స్ట్రీమింగ్ అద్దె కట్టిన డబ్బుకు గిట్టుబాటవుతుందా? తరచుగా అడిగే ప్రశ్నలు

రాయగడ, గుణుపురం, జయపురం, పర్లాకిమిడి, బరంపురం వైపు ఉండే తెలుగువారి నుంచి ఈ విషయంపై ఒకే రకం సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. అడిగేవారిలో ఎక్కువమంది చిన్నప్పుడు టీవీకి తగిలించిన వీడియో గేమ్‌లో క్యాసెట్ పెట్టి ఆడినవారు, లేదా బజారులోని పార్లర్‌లో గంటకు ఇంతని కట్టి ప్లేస్టేషన్ 2 (పీఎస్2) ఆడినవారు. ఎవరికి కావలసిన జవాబును వారు నేరుగా చదువుకునేలా ప్రతి ప్రశ్నకూ విడిగా సమాధానం రాశాను. ధరలు తరచు మారుతుంటాయి కాబట్టి డబ్బు కట్టే ముందు ఆ రోజు ధరను ఒకసారి సరిచూసుకోవాలి.

## మొదట వచ్చే సందేహాలు

పాత ఆటను స్ట్రీమింగ్‌లో అద్దెకు తీసుకోవడమంటే అసలు ఏం జరుగుతుంది?

ఆట మీ ఇంట్లో నడవదు. ఎక్కడో దూరంగా ఉన్న డేటా సెంటర్‌లోని యంత్రంపై నడుస్తుంది. మీరు కంట్రోలర్‌పై బటన్ నొక్కగానే ఆ సమాచారం అక్కడికి వెళ్తుంది, దానికి తగ్గట్టు మారిన దృశ్యం వీడియోగా మీ ఫోనుకో టీవీకో తిరిగి వస్తుంది. అందువల్ల ఖరీదైన కన్సోల్ (టీవీకి తగిలించి ఆడే గేమ్ యంత్రం) అవసరం ఉండదు గానీ, ఇంటర్నెట్ లేని క్షణం ఆట కూడా ఉండదు. గడువు ముగియగానే మీ చేతిలో మిగిలేది ఏమీ ఉండదు కాబట్టే దీన్ని అద్దె అంటున్నాం.

ఒక్కో ఆటకు విడిగా అద్దె కట్టే పద్ధతి ఇప్పటికీ ఉందా?

పెద్ద సంస్థల దగ్గర ఆ పద్ధతి దాదాపు పోయింది. సోనీ సంస్థ 2012లో గైకై అనే క్లౌడ్ (దూరపు యంత్రాలపై ఆటలు నడిపే) సంస్థను 38 కోట్ల డాలర్లకు కొని, దాని ఆధారంగా 2014లో అమెరికాలో ప్లేస్టేషన్ నౌ అనే సేవను ప్రారంభించింది. అందులో పీఎస్3 ఆటలను 4 గంటలకు, 7 రోజులకు, 30 రోజులకు, 90 రోజులకు అద్దెకిచ్చేవారు. ప్రయోగ దశలో ఆ అద్దె 2.99 డాలర్ల నుంచి 19.99 డాలర్ల వరకు ఉండేది. అదే ఆట పాత డిస్కు అంతకన్నా తక్కువకే దొరుకుతుంటే నాలుగు గంటలకు మూడు డాలర్లు ఎందుకు కట్టాలని అక్కడివారు అప్పుడే అడిగారు, అది న్యాయమైన ప్రశ్నే. 2015 జనవరిలో నెలకు 19.99 డాలర్ల చందా వచ్చింది, 2019 అక్టోబరులో అది 9.99కి తగ్గింది, 2022లో ఆ సేవ మొత్తం ప్లేస్టేషన్ ప్లస్‌లో కలిసిపోయింది. ఇప్పుడు దొరికేది ప్రధానంగా నెల చందా. ఒక్క ఆట కోసమే వచ్చినా మొత్తం జాబితాకు డబ్బు కట్టవలసిందే.

మన దేశంలో, అందులోనూ మా కొరాపుట్ వైపు, ఇప్పుడు ఏమేమి దొరుకుతాయి?

ఇవి రాష్ట్రాన్ని బట్టి కాక దేశాన్ని బట్టి లభిస్తాయి కాబట్టి విశాఖలో దొరికేదే కొరాపుట్‌లోనూ దొరుకుతుంది. తేడా అంతా ఇంటర్నెట్‌లోనే ఉంటుంది.

స్ట్రీమింగ్ విషయంలో మనకు ఎక్కువగా ఉపయోగపడేది మైక్రోసాఫ్ట్ వారి ఎక్స్‌బాక్స్ క్లౌడ్ గేమింగ్, అది 2025 నవంబరులో భారతదేశానికి వచ్చింది. దానికి కట్టే గేమ్ పాస్ చందాలో ఎసెన్షియల్, ప్రీమియం, అల్టిమేట్ అని మూడు తరగతులున్నాయి, మూడింటిలోనూ క్లౌడ్ సదుపాయం ఉంది. 2025 అక్టోబరులో ప్రకటించిన ధరల ప్రకారం ఇవి నెలకు వరుసగా 499, 699, 1,389 రూపాయలు. మొదటిదానిలో సుమారు 50 ఆటలు, రెండోదానిలో 200కు పైగా, మూడోదానిలో 400కు పైగా ఉంటాయని సంస్థ చెప్పింది. వీటిలో మైక్రోసాఫ్ట్ పాత కన్సోళ్లైన తొలి ఎక్స్‌బాక్స్, ఎక్స్‌బాక్స్ 360 కాలం నాటి ఆటలు కొన్ని మాత్రమే. మీకు కావలసిన పాత ఆట ఏ తరగతిలో ఉందో, అది క్లౌడ్‌లో ఆడే వీలున్నదో కాదో ముందుగా పేరు పెట్టి వెతికి చూసుకోవాలి.

సోనీ మన దేశంలో ప్లేస్టేషన్ ప్లస్‌ను ఎసెన్షియల్, ఎక్స్‌ట్రా, డీలక్స్ తరగతులుగా అమ్ముతుంది. ఇతర దేశాల్లో ఉండే ప్రీమియం ఇక్కడ లేదు. స్ట్రీమింగ్ ఉండేది అందులోనే, దాన్ని సోనీ మన దేశంలో ఇవ్వడం లేదు. డీలక్స్‌లో పీఎస్1, పీఎస్2, చేతిలో పట్టుకుని ఆడే పీఎస్‌పీ కాలపు ఆటలు కొన్ని దొరుకుతాయి గానీ వాటిని డౌన్‌లోడ్ చేసుకుని సొంత పీఎస్4 లేదా పీఎస్5పై ఆడాలి.

జియో వారి క్లౌడ్ గేమింగ్‌కు 2025లో 3 రోజులకు 48, 7 రోజులకు 98, 28 రోజులకు 298 రూపాయల ప్లాన్లు వచ్చాయి. గడువును బట్టి చూస్తే పాత అద్దె పద్ధతికి ఇదే దగ్గర. అయితే అందులో ఎక్కువగా ఉండేవి కంప్యూటర్ ఆటలు. పీఎస్2 జ్ఞాపకాల కోసం వచ్చినవారికి నిరాశే మిగులుతుంది.

ఇన్ని ఉన్నాయి, పీఎస్3 ఆటలు మాత్రం ఎందుకు కనిపించవు?

కారణం ఆ యంత్రం నిర్మాణంలోనే ఉంది. 2006లో వచ్చిన పీఎస్3లో సోనీ, తోషిబా, ఐబీఎం కలిసి రూపొందించిన సెల్ అనే ప్రాసెసర్ ఉండేది. అందులో ఒక ప్రధాన భాగంతో పాటు లెక్కలను పంచుకుని చేసే చిన్న భాగాలు అనేకం ఉండేవి, ఆటలు రాసినవారు ఏ పని ఏ భాగానికి అప్పగించాలో ఒక్కొక్కటిగా నిర్ణయించుకుని రాశారు. తర్వాత వచ్చిన పీఎస్4, పీఎస్5 మామూలు కంప్యూటర్ల తరహా ప్రాసెసర్లు వాడతాయి కాబట్టి ఆ ఆటలు వాటిపై నేరుగా నడవవు, పీఎస్3 డిస్కును పీఎస్5లో పెట్టినా ఫలితం ఉండదు. అందుకే సోనీ తన డేటా సెంటర్లలో పీఎస్3 హార్డ్‌వేర్‌నే అమర్చి అక్కడినుంచి స్ట్రీమింగ్ చేసే మార్గం ఎంచుకుంది. ఆ స్ట్రీమింగ్ మన దేశంలో ఇవ్వడం లేదు కాబట్టి మన డీలక్స్ చందాలో ఆ తరం దాదాపు ఖాళీగానే ఉంటుంది. పీఎస్3 ఆటల కోసమే చందా కడదామనుకునేవారు ఇక్కడే ఆగిపోవడం మంచిది. వాటిలో కొన్ని పీఎస్4కు మెరుగుపరచిన రూపంలో వచ్చాయి, అవి విడిగా కొనుక్కోవచ్చు.

మారియో వంటి నింటెండో ఆటల సంగతి ఏమిటి?

నింటెండో తన ఆన్‌లైన్ దుకాణాన్ని భారతదేశంలో తెరవలేదు. దాని పాత ఆటల చందా వేరే దేశపు ఖాతాతో, స్విచ్ కన్సోల్ ఉన్నవారికే పనికొస్తుంది, అదీ చాలావరకు స్ట్రీమింగ్ కాదు. మన ప్రాంతపు సగటు ఇంటికి ఇది లెక్కలోకి రాదు.

డబ్బు కట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను ప్రభుత్వం నిషేధించింది కదా, చందా కడితే ఇబ్బంది రాదా?

రాదు. 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం నిషేధించినది పందెం కాసి, తిరిగి డబ్బు వస్తుందన్న ఆశతో ఆడే ఆటలను. గెలుపోటములతో సంబంధం లేకుండా కేవలం ఆడుకోవడానికి కట్టే చందాను, ప్రవేశ రుసుమును ఆ చట్టం వేరుగా చూస్తుంది. ఇంట్లో పెద్దవారు పత్రికలో చదివి కంగారు పడితే ఈ తేడాను నెమ్మదిగా వివరించండి.

## డబ్బు లెక్క

వివరాలన్నీ సరే, ఈ ధర గిట్టుబాటవుతుందా కాదా సూటిగా చెప్పండి.

ఏ ఆట ఆడాలో ముందే నిర్ణయించుకుని, ఒక నెలలో ముగించి, వెంటనే చందా ఆపేసేవారికి గిట్టుబాటవుతుంది. ఎప్పుడో ఒకప్పుడు ఆడదామని కట్టి ఉంచేవారికి కాదు. జాబితాలో 400 ఆటలున్నాయన్న మాటకు మీ ఇంట్లో విలువ లేదు, ఆ నెలలో మీరు నిజంగా ఆడిన గంటలకే విలువ.

499 రూపాయల చందాలో నెలకు 25 గంటలు ఆడితే గంటకు 20 రూపాయలు పడుతుంది. రోజూ రాత్రి యాభై నిమిషాలు కూర్చుంటే ఆ లెక్క సరిపోతుంది. అదే రెండు ఆదివారాలు కలిపి 4 గంటలు మాత్రమే ఆడితే గంటకు దాదాపు 125 రూపాయలు. 1,389 రూపాయల తరగతిలో ఆ నాలుగు గంటలకు గంటకు 347 రూపాయలు పడుతుంది, అంత పెడితే కుటుంబంతో సినిమాకు వెళ్లవచ్చు. దీనికి డేటా ఖర్చు కూడా కలపాలి. కంట్రోలర్ లేనివారు మొదటి నెలలోనే దాన్నీ కొనాలి, ఎందుకంటే పాత కన్సోల్ ఆటలను ఫోన్ తెరపై వేళ్లతో ఆడటం దాదాపు అసాధ్యం.

ఇంకో విషయం ఎవరూ ముందుగా ఒప్పుకోరు. పాత ఆటపై ఉన్న మక్కువ చాలామందిలో రెండు మూడు సాయంత్రాలకే తీరిపోతుంది. పార్లర్‌లో పక్కన స్నేహితులుండి, వెనుక మరొకరు తమ వంతు కోసం నిలబడి ఉన్నప్పుడు ఆ ఆటకు ఉన్న రుచి, ఇంట్లో ఒంటరిగా కూర్చున్నప్పుడు ఉండదు. సరిగ్గా ఈ కారణం వల్లనే మూడు నాలుగు వేలు పెట్టి పాత యంత్రం కొనేకంటే ఒక నెల అద్దెకు తీసుకుని మనసు ఎంతవరకు నిలుస్తుందో చూసుకోవడం తెలివైన పని అని నా అభిప్రాయం. నెల గడిచాక కూడా రోజూ ఆడాలనిపిస్తే అప్పుడు కొనడం గురించి ఆలోచించవచ్చు.

నెల చందా మేలా, ఏడాది చందా మేలా?

పాత ఆటల కోసమే అయితే నెల చందాయే మేలు. ప్లేస్టేషన్ ప్లస్ డీలక్స్ 2022లో మన దేశంలో మొదలైనప్పుడు నెలకు 849 రూపాయలు, ఏడాదికి 5,749 రూపాయలు ఉండేది. 2023 సెప్టెంబరులో ఏడాది ధరను 7,589కి పెంచారు. ఆ ధరల్లో ఏడాది చందా లాభించాలంటే మీరు కనీసం తొమ్మిది నెలల పాటు వాడాలి. పరీక్షలు, పంట పనులు, పెళ్లిళ్లు, దసరా రద్దీ తీసేస్తే ఏడాదిలో తొమ్మిది నెలలు ఆటకు కూర్చోగల గృహస్థులు తక్కువ.

దానికన్నా పాత కన్సోల్, డిస్కులు కొనుక్కుంటే చవక కాదా?

కొన్నిసార్లు చవకే, ముఖ్యంగా పీఎస్3 విషయంలో. దాని ఆటల డిస్కులకు ప్రాంతీయ నిర్బంధం (ఒక ప్రాంతపు డిస్కు మరో ప్రాంతపు యంత్రంలో నడవకపోవడం) దాదాపు లేదు, ఆడాక అమ్ముకోవచ్చు, ఇంటర్నెట్ అక్కరలేదు. పీఎస్3 ఆన్‌లైన్ దుకాణాన్ని మూసేస్తామని సోనీ 2021 మార్చిలో ప్రకటించి, వ్యతిరేకత రావడంతో ఏప్రిల్‌లో వెనక్కి తగ్గింది. అయితే ఆ కన్సోల్ నుంచి నేరుగా కార్డుతో కట్టే వీలు తీసేసింది, ముందుగా ఖాతాలో డబ్బు వేసుకోవాలి. ఎక్స్‌బాక్స్ 360 దుకాణం మాత్రం 2024 జూలై 29న మూతపడింది.

ఇబ్బందులూ ఉన్నాయి. పీఎస్1, పీఎస్2 డిస్కులకు ప్రాంతీయ నిర్బంధం ఉంటుంది. పాత యంత్రాల్లో డిస్కు చదివే లెన్స్ బలహీనపడి ఉంటుంది, దాన్ని బాగుచేసేవారు రాయగడలో దొరకకపోతే విశాఖ దాకా మోసుకెళ్లాలి. ఎరుపు, తెలుపు, పసుపు తీగలు పెట్టే సాకెట్లు కొత్త టీవీల్లో చాలావాటికి లేవు. కొనే ముందు మీ కళ్లముందే అరగంట ఆడించి చూడనిదే డబ్బు ఇవ్వకండి.

ఇంటర్నెట్‌లో రోమ్‌లు (పాత ఆటల కాపీ ఫైళ్లు) ఉచితంగా దొరుకుతుంటే చందా ఎందుకు?

అనుమతి లేని రోమ్ 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం ఉల్లంఘనే. ఆట మార్కెట్‌లో దొరకడం లేదన్న కారణంతో దాని హక్కులు పోవు. వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో చేసిన అధ్యయనం ప్రకారం 2010కి ముందు అమెరికాలో విడుదలైన ఆటల్లో 87 శాతం ఇప్పుడు అమ్మకంలో లేవు. కాబట్టి కొనే దారి చూపకుండా తప్పు పడుతున్నారన్న ఆవేదనలో న్యాయం ఉంది. అయినా చందాలో చట్టబద్ధంగా దొరికే ఆటకు ఆ వాదన వర్తించదు. ఆ ఫైళ్లతో పాటు ఫోనులోకి ఏమేమి వస్తాయో కూడా ఆలోచించుకోవాలి.

## ఇంటర్నెట్, కరెంటు

రోజుకు 2 జీబీ వచ్చే మొబైల్ రీఛార్జ్‌తో ఆడవచ్చా?

ఆడవచ్చు గానీ అరగంట కూడా ఆడలేరు. సెకనుకు 10 మెగాబిట్ల వీడియో గంటకు 4.5 జీబీ తింటుంది, కాబట్టి 2 జీబీ దాదాపు 27 నిమిషాల్లో అయిపోతుంది, 1.5 జీబీ అయితే 20 నిమిషాలే. టీవీపై స్పష్టంగా కనపడాలని సెకనుకు 20 మెగాబిట్లతో (20 ఎంబీపీఎస్) ఆడితే గంటకు 9 జీబీ ఖర్చవుతుంది. అపరిమిత 5జీ ఉన్న ప్లాన్లలో ఈ బెడద తప్పుతుంది, కానీ కొండల మధ్య ఊళ్లలో సిగ్నల్ 4జీకి జారిన క్షణం నుంచి రోజువారీ కోటాయే కరుగుతుంది. ఫోను 5జీ అని చూపిస్తోంది కదా అని నమ్మకుండా ఆట మొదలుపెట్టిన పావుగంటకు వాడకం ఎంతైందో చూసుకోండి.

మాకు 50 ఎంబీపీఎస్ ఫైబర్ ఉంది, అయినా బటన్ నొక్కాక మనిషి ఆలస్యంగా దూకుతున్నాడు. ఎందుకు?

వేగం ఒకటి, ఆలస్యం మరొకటి. ఎక్స్‌బాక్స్ క్లౌడ్‌కు ఫోనుపై 10, పెద్ద తెరపై 20 ఎంబీపీఎస్ చాలు కాబట్టి మీ కనెక్షన్ వేగంలో లోటు లేదు. బటన్ సమాచారం వెళ్లి దృశ్యం తిరిగివచ్చే వ్యవధిలోనే సమస్య ఉంది.

మైక్రోసాఫ్ట్ డేటా సెంటర్లు మన దేశంలో పుణె, చెన్నై, ముంబయి వంటి చోట్ల ఉన్నాయి. రాయగడ నుంచి పుణె నేరుగా కొలిస్తే సుమారు 1,000 కిలోమీటర్లు. ఫైబర్‌లో కాంతి ఆ దూరం వెళ్లి రావడానికి 10 మిల్లీసెకన్లు సరిపోతుంది. సెకనుకు 60 దృశ్యాలు చూపే ఆటలో ఒక్కో దృశ్యం నిలిచేది 16.7 మిల్లీసెకన్లు కాబట్టి, దూరమొక్కటే ఆటను చెడగొట్టదు. అసలు ఆలస్యం తీగ తిన్నగా వెళ్లకుండా ఊరూరూ తిరిగి వెళ్లడం, సాయంత్రం ఎనిమిది నుంచి పది వరకు అందరూ ఒకేసారి వాడటం, ఇంట్లో గోడల అవతల ఉన్న వైఫై, టీవీ బొమ్మను మెరుగుపరచడానికి తీసుకునే సమయం, వీటన్నిటి కూడిక వల్ల వస్తుంది.

మన చేతిలో ఉన్నవి కొన్నే. టీవీలో గేమ్ మోడ్ పెట్టండి. రౌటర్ నుంచి తీగ లాగండి, కుదరకపోతే 5 గిగాహెర్ట్జ్ వైఫై వాడండి. స్పీడ్ టెస్ట్‌లో వేగంతో పాటు పింగ్ (సమాచారం వెళ్లి తిరిగిరావడానికి పట్టే మిల్లీసెకన్లు) ఎంత వస్తోందో, అది ప్రతిసారీ ఎంత ఊగుతోందో చూడండి. స్థిరంగా ఉన్న 45 కంటే, 20కీ 120కీ మధ్య ఊగే పింగ్ ఎక్కువ చికాకు పెడుతుంది.

ఏ రకం పాత ఆటలు స్ట్రీమింగ్‌లో బాగా ఆడుకోవచ్చు?

వంతులవారీగా సాగే పాత్రపోషణ ఆటలు, వ్యూహపు ఆటలు, పజిళ్లు, కథ ప్రధానంగా ఉండేవి బాగా సరిపోతాయి. కారు పందేలు ఫరవాలేదు, చేయి ఆ ఆలస్యానికి అలవాటు పడుతుంది. ముఖాముఖి కొట్లాట ఆటలు, అంచు నుంచి అంచుకు దూకే ఆటలు మాత్రం కష్టం. అవి పాత గాజు బుడ్డి టీవీలపై, దాదాపు ఆలస్యమే లేని రోజుల్లో తయారైనవి. రెండు మూడు దృశ్యాల తేడా వచ్చినా గోతిలో పడతారు. అలాంటి ఆట కోసం డబ్బు కట్టేముందు స్నేహితుల ఖాతాలో ఒక్కసారి ప్రయత్నించి చూడండి.

ఆట మధ్యలో కరెంటు పోతే ఆడినదంతా పోతుందా?

చివరిసారి సేవ్ చేసిన చోటి వరకు సర్వర్‌లో భద్రంగా ఉంటుంది, ఆ తర్వాత ఆడినది పోతుంది. కొత్త ఆటలు తమంతట తాము సేవ్ చేసుకుంటాయి. పాత ఆటల్లో చాలావాటికి నిర్ణీత స్థలానికి చేరితేనే సేవ్ అవుతుంది. వానాకాలంలో మన వైపు గాలివానలకు రోజుకు నాలుగుసార్లు కరెంటు పోతుంది కాబట్టి రౌటర్‌ను ఇన్వర్టర్ లైనుకు కలపడం లేదా రౌటర్‌కు సరిపోయే చిన్న యూపీఎస్ కొనడం మంచిది.

## చందా కట్టిన తర్వాత

డీలక్స్‌లోని పీఎస్1 ఆట చిన్నప్పటికన్నా నెమ్మదిగా నడుస్తున్నట్టుంది. నా భ్రమా?

భ్రమ కాకపోవచ్చు. యూరప్ పద్ధతి ప్రకారం తయారైన ప్రతులు సెకనుకు 50 సార్లు, అమెరికా, జపాన్ ప్రతులు 60 సార్లు తెరను మారుస్తాయి. 2022లో ఆసియాలో ఈ సేవ మొదలైనప్పుడు కొన్ని పీఎస్1 ఆటలను సెకనుకు 50 సార్లు మారే ప్రతుల రూపంలోనే ఇచ్చారు, ఫిర్యాదులు రావడంతో 60 సార్లు మారే ప్రతులను కూడా జోడిస్తామని సోనీ చెప్పింది. ఆట వివరాల్లో రెండో ప్రతి ఉందేమో చూడండి. ఆ ఆటల్లో వెనక్కి తిప్పుకునే సదుపాయం, ఎక్కడైనా సేవ్ చేసుకునే సదుపాయం కూడా ఉన్నాయి. పాతకాలపు కష్టం లేకుండా ముగించడానికి అవి బాగా పనికొస్తాయి.

నేను ఆడుతున్న ఆటను జాబితాలోంచి తీసేస్తే డబ్బు వాపసు ఇస్తారా?

సాధారణంగా ఇవ్వరు, ఎందుకంటే మీరు కట్టింది జాబితాకు, ఆ ఆటకు కాదు. తొలగించబోయే ఆటల పేర్లను యాప్‌లో ముందుగా చూపిస్తారు. 40 గంటలు పట్టే ఆట మొదలుపెట్టేముందు ఆ విభాగం చూడటం తప్పనిసరి.

ప్రతి నెలా దానంతట అదే నా ఖాతాలోంచి డబ్బు కోత పడుతోంది, ఎలా ఆపాలి?

యాప్‌ను ఫోను నుంచి తీసేస్తే చందా ఆగదు. ఖాతా వెబ్‌సైటులో చందాల విభాగానికి వెళ్లి పునరుద్ధరణను ఆపాలి. ఆపినా కట్టిన గడువు వరకు సాధారణంగా ఆడుకోవచ్చు కాబట్టి చందా కట్టిన రోజే ఆపేయడం ఉత్తమం. యూపీఐ ద్వారా కట్టినవారు తమ చెల్లింపు యాప్‌లోని ఆటోపే విభాగంలో కూడా రద్దు చేయవచ్చు. 2021 అక్టోబరు 1 నుంచి అమలైన రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం ఇలాంటి కోతకు కనీసం 24 గంటల ముందు మీకు సందేశం రావాలి, ఆ సందేశంలోనే నిరాకరించే వీలు ఉండాలి. బ్యాంకుకు ఇచ్చిన నంబరు పాత సిమ్‌దైతే ఆ సందేశం మీకు చేరదు. ఆంధ్ర నుంచి ఒడిశాకు మారినప్పుడు సిమ్ మార్చినవారికి ఇది తరచుగా ఎదురయ్యే చిక్కు.

సేవే మూతపడితే నా ఆటలు, సేవ్‌లు ఏమవుతాయి?

అద్దె ఆటలు పోతాయి. 2010లో మొదలైన ఆన్‌లైవ్ అనే ఆటల స్ట్రీమింగ్ సేవ 2015 ఏప్రిల్ 30న మూతపడింది, దాని పేటెంట్లను సోనీ కొనుక్కుంది. గూగుల్ వారి అలాంటి సేవ స్టేడియా 2019 నవంబరులో వచ్చి 2023 జనవరి 18న ఆగిపోయింది. అక్కడ ఆటలు విడిగా కొన్నవారికి గూగుల్ ఆ డబ్బు తిరిగి ఇచ్చింది గానీ, నెల చందా డబ్బు ఇవ్వలేదు. ఏడాది చందా ఒకేసారి కట్టకపోవడానికి ఇది కూడా ఒక కారణమే.

మా అబ్బాయి విశాఖలో చదువుతున్నాడు, మేము రాయగడలో ఉంటాం. ఒకే చందాతో ఇద్దరం ఆడవచ్చా?

ఒకే ఖాతాతో ఇద్దరూ ఒకే సమయంలో స్ట్రీమింగ్ చేయలేరు. రెండోవారు మొదలుపెడితే మొదటివారి ఆట ఆగిపోతుంది. వేళలు పంచుకుంటే పని జరుగుతుంది, సేవ్ సర్వర్‌లోనే ఉంటుంది కాబట్టి ఇక్కడ ఆపినది అక్కడ కొనసాగించవచ్చు. అయితే మీరు మొదలుపెట్టిన ఆటనే అబ్బాయి కూడా ఆడాలనుకుంటే సేవ్ స్లాట్లు రెండున్నాయో లేదో చూసుకోండి, లేకపోతే ఒకరి ఆటపై మరొకరి ఆట పడి చెరిగిపోతుంది. పాస్‌వర్డ్‌ను వాట్సాప్‌లో పంపకుండా, సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు అతని ఫోనులో మీరే లాగిన్ చేసి ఇవ్వండి.